‘ఫ్రెష్ బ్లడ్డే కావాలి’ అని ఫోన్లు కొట్టేముందు ఇది చూస్కోండి

పోయినేడు మా మామని అనంతపురం నుంచి బెంగళూరు తెచ్చి తుంటి ఆపరేషన్ చేయించాం. మర్నాడు హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది, రక్తం ఎక్కించాలన్నారు. బ్యాగ్ మీద తేదీ చూసి మా అత్త గోల మొదలుపెట్టింది, "ఏమప్పా, ఇది తీసి ఇరవై ఆరు రోజులైందంట, సద్ది రక్తం ఎక్కిస్తారా మీ మామకి?" అని. నేనేమో మారతహళ్ళి పీజీల్లో ఉండే మా ఊరి పిల్లోళ్ళందరికీ ఫోన్లు.

అత్త భయం పూర్తిగా ఉత్తిది మాత్రం కాదు. రక్తాన్ని 2 నుంచి 6 డిగ్రీల మధ్య పెడతారు, లోపల కలిపిన మందునీళ్ళని బట్టి 35 రోజులో 42 రోజులో గడువు. ఆ రోజుల్లో ఎర్రకణాలు మెత్తదనం పోయి ముళ్ళుముళ్ళుగా అవుతాయి, పొటాషియం బయటికి కారుతుంది, కొన్ని పగిలి హిమోగ్లోబిన్ ఆ నీళ్ళలో కలుస్తుంది. రక్తనాళాలకి తంటా అక్కడే. నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ తయారుచేస్తా ఉంటుంది, నాళాన్ని వదులుగా ఉంచేది అదే (ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు), కణం బయటపడ్డ హిమోగ్లోబిన్ ఆ గ్యాస్‌ని టక్కున పట్టేసుకుంటుంది, దాంతో నాళం బిగుసుకుంటుంది.

ఇంతవరకు చదివి మళ్ళీ ఫోన్ తీయకండి. ఇదంతా నిజంగా పేషెంట్ ప్రాణం మీదికి వస్తుందా అని పెద్ద పెద్ద ట్రయల్సే చేశారు. 2015లో ఏబుల్ అనే ట్రయల్లో ఐసీయూ పేషెంట్లు 2,400 మందికి పైగా, సగం మందికి తీసి సగటున 6 రోజులైన రక్తం, మిగతావాళ్ళకి 22 రోజులది, మూడు నెలలకి చూస్తే చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడు గుండె ఆపరేషన్లవాళ్ళ మీద రిసెస్, 2016లో ఇన్ఫార్మ్, 2017లో ట్రాన్స్‌ఫ్యూజ్, అన్నింట్లో దాదాపు అదే కథ. అప్పుడే పుట్టిన పిల్లలకి రక్తం మార్చాల్సొస్తే మాత్రం పొటాషియం భయంతో కొత్తదే అడుగుతారు, అది డాక్టర్లే చూసుకుంటారు.

కాబట్టి తేదీ మీద గొడవ పడే టైంలో ముందు ఒక ప్రశ్న వేయండి, "ఇప్పుడు ఎక్కించడం తప్పదా డాక్టర్?" అని. రక్తం కారకుండా నిలకడగా ఉన్నవాళ్ళకి మామూలుగా హిమోగ్లోబిన్ 7కి పడేదాకా ఆగుతారు, ఎముకల ఆపరేషన్లకి, గుండె జబ్బున్నవాళ్ళకి 8. ఒక యూనిట్‌కి సుమారు 1 పెరుగుతుంది, ఒకటి ఎక్కించి మళ్ళీ చూసి రెండోది పెట్టొచ్చా అని కూడా అడగండి, తప్పేం లేదు.

బ్యాగ్ వచ్చాక నర్స్ పేషెంట్ పేరు, ఐపీ నంబర్ (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), గ్రూప్ చదివేటప్పుడు పక్కనే నిలబడి చేతి పట్టీతో మీరూ సరిచూడండి, నా లెక్కలో రక్తం వయసు కన్నా వందరెట్లు ముఖ్యమైంది ఇదే. గడువు తేదీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా టెస్టుల స్టిక్కర్ చూడండి. గడ్డలుంటే, రంగు తేడాగా ఉంటే చెప్పండి. చల్లగా ఉందని మా అత్త దుప్పటి కింద దాచి వెచ్చబెట్టబోయింది, అట్లా చేయొద్దు, వేడినీళ్ళలో అసలే పెట్టొద్దు, కణాలు ఇంకా పగుల్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన నాలుగు గంటల్లో ఎక్కడం అయిపోవాలి.

మొదటి పదిహేను నిమిషాలు టీకి కూడా పోవద్దు. వణుకు, నడుం నొప్పి, ఆయాసం, దద్దుర్లు, ఏదొచ్చినా నర్స్‌ని కేకేయండి, వాళ్ళు వెంటనే ఆపుతారు.

ఇంకోటి, "కొడుకు రక్తమే పెట్టండి" అని పట్టుబట్టకండి. దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలు పేషెంట్ ఒంటి మీదే తిరగబడే ప్రమాదం అరుదుగానైనా ఉంది, అందుకే అలాంటి రక్తానికి రేడియేషన్ పట్టించి ఇవ్వాలి.

మా పిల్లోళ్ళు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చేసరికి మామకి సగం బ్యాగ్ ఎక్కేసింది. వచ్చినోళ్ళు ఊరికే పోకుండా ముగ్గురు రీప్లేస్‌మెంట్ కింద, అంటే మామకి వాడిన రక్తానికి బదులుగా, రక్తం ఇచ్చారు. ఆ బ్యాగులు టెస్టులకి, అట్నుంచి ఫ్రిజ్‌లోకి పోయాయి, ఏ ఇరవయ్యో రోజునో ఎవరికో ఎక్కుంటాయి.