విద్యుత్ కేంద్రం రోజు లెక్క చదవడం ఎలా?

జెన్‌కో కేంద్రాల గురించి మాట చాలావరకు పీఎల్‌ఎఫ్ (ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్, నిండుగా నడిస్తే రావలసిన కరెంటులో నిజంగా వచ్చిన శాతం) దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ ఒక్క అంకె పట్టుకుని ఇది మంచి కేంద్రం, అది చెడ్డ కేంద్రం అని తేల్చేయడం అన్యాయం. రోజువారీ నివేదికలో ఉండే నాలుగు అంకెలు చాలు, బొగ్గు ఎక్కడ వృథా అవుతోందో మీరే పట్టుకోవచ్చు. కావలసినవి: ఉత్పత్తి, ఆగ్జిలరీ వాడకం (కేంద్రం తన సొంతానికి వాడుకునే కరెంటు), కాల్చిన బొగ్గు, ఆ బొగ్గు జీసీవీ (కిలో బొగ్గు కాలిస్తే వచ్చే వేడి).

ముందు మెగావాట్‌కీ యూనిట్‌కీ తేడా చూసుకోండి. మెగావాట్ అంటే ఆ క్షణాన యంత్రం ఇస్తున్న శక్తి. యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంటపాటు అందితే వచ్చే కరెంటు. ఎంయూ అంటే మిలియన్ యూనిట్లు, అంటే పది లక్షల యూనిట్లు. 210 మెగావాట్ల యూనిట్ (ఇక్కడ యూనిట్ అంటే కరెంటు కొలత కాదు, కేంద్రంలోని ఒక బాయిలర్, టర్బైన్ సెట్టు) 24 గంటలు నిండుగా నడిస్తే 5.04 ఎంయూ, 500 అయితే 12, 800 అయితే 19.2. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే మన రాష్ట్రాల్లోని చాలా థర్మల్ కేంద్రాలకు సరిపోతుంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు కేంద్రంలో, అదే జనం వీటీపీఎస్ అని పిలిచేదానిలో, మూడు సైజులూ ఉన్నాయి: 210వి ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి.

లెక్కకు ఒక 210 యూనిట్‌ను ఊహించుకుందాం. రోజు ఉత్పత్తి 4.2 ఎంయూ, కాల్చిన బొగ్గు 3,150 టన్నులు, జీసీవీ కిలోకు 3,400 కిలోకేలరీలు.

పీఎల్‌ఎఫ్: 4.2ను 5.04తో భాగిస్తే 83 శాతం. ఇది తక్కువగా కనిపిస్తే వెంటనే యంత్రాన్ని తప్పుపట్టకండి. కారణం కాలమ్ చూడండి. ట్యూబ్ లీక్ లాంటి ఫోర్స్‌డ్ అవుటేజ్ (అనుకోకుండా ఆగిపోవడం) అయితే అది కేంద్రం లోపమే. బ్యాకింగ్ డౌన్ అని ఉంటే గ్రిడ్‌కు అంత కరెంటు అక్కర్లేక ఎస్‌ఎల్‌డీసీ (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం) లోడు తగ్గించమంది. ఎవరి యూనిట్ ధర తక్కువో వారినే ముందు నడుపుతారు కాబట్టి, గనులకు దూరంగా ఉండి రైలు కిరాయి భారం మోసే ముద్దనూరు ఆర్‌టీపీపీ లాంటి కేంద్రం ఎంత బాగున్నా వెనకబడుతుంది. అందుకే పీఎల్‌ఎఫ్ పక్కన అవైలబిలిటీ అంకె (నడవడానికి కేంద్రం ఎంత మేరకు సిద్ధంగా ఉందో చెప్పే శాతం) కూడా చూడాలి.

ఆగ్జిలరీ: మిల్లులు, ఫ్యాన్లు, నీళ్ల పంపులు, బూడిద పంపులు తినేసే కరెంటు ఇది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం 210 తరగతి యూనిట్లకు 8.5 శాతం. బాయిలర్‌కు నీరు పంపే ఫీడ్ పంపును ఆవిరితో తిప్పే 500, ఆపై యూనిట్లకు 5.75 శాతం. మన ఉదాహరణలో 8.5 శాతం పోతే గ్రిడ్‌కు చేరేది 3.84 ఎంయూ. యూనిట్ ధర ఈ అంకె మీద కట్టాలి, 4.2 మీద కాదు. లోడు తగ్గినా ఫ్యాన్లు, పంపులు ఆ నిష్పత్తిలో తగ్గవు, అందుకే బ్యాకింగ్ డౌన్ రోజుల్లో ఆగ్జిలరీ శాతం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క, హీట్ రేట్, అంటే ఒక యూనిట్ కరెంటుకు ఖర్చయిన బొగ్గు వేడి. 3,150 టన్నులను 42 లక్షల యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు 0.75 కిలో బొగ్గు. దాన్ని 3,400తో గుణిస్తే 2,550 కిలోకేలరీలు. ఒక యూనిట్ కరెంటులో ఉండే వేడి 860 కిలోకేలరీలే కనుక సామర్థ్యం సుమారు 33.7 శాతం. పాత 210 యూనిట్‌కు 2,430 దగ్గర ఉండాలని ప్రమాణం అనుకుంటే, 120 ఎక్కువ. ఆ 120ని 3,400తో భాగించి 42 లక్షలతో గుణించండి: రోజుకు దాదాపు 148 టన్నుల బొగ్గు, అంటే రెండు వ్యాగన్లకు పైగా, ఊరికే పోతోంది.

బొగ్గు కిలోల అంకె ఒక్కటే చూసి రెండు కేంద్రాలను పోల్చకండి. జీసీవీ 4,100 ఉన్న జీ11 గ్రేడు బొగ్గు కాల్చేవారికి కిలోలు సహజంగానే తగ్గుతాయి. జీసీవీ ఎక్కడ కొలిచారో కూడా అడగాలి. గని దగ్గర చెప్పిన గ్రేడు, రైలు దిగాక తేమతో కలిపి కొలిచిన విలువ, బాయిలర్‌కు బొగ్గు అందించే బంకర్‌లోకి వెళ్లేటప్పటి విలువ మూడూ వేరు. యార్డులో నిల్వ వల్ల పోయే వేడికి కేంద్ర మండలి కిలోకు 85 కిలోకేలరీల వరకే ఒప్పుకుంటుంది. తేడా అంతకంటే బాగా ఎక్కువగా ఉంటే బాయిలర్‌ను కాదు, శాంపిల్ తీసిన తీరును ముందు అనుమానించండి.

శాంపిల్ సరిగ్గా ఉండి హీట్ రేట్ ఇంకా ఎక్కువే ఉంటే ఈ వరుసలో వెతకండి. చిమ్నీకి వెళ్లే పొగ వేడి మామూలుకన్నా 22 డిగ్రీలు పెరిగితే బాయిలర్ సామర్థ్యం దాదాపు ఒక శాతం పడుతుంది. ట్యూబులకు మసి పట్టిందా, ఆ మసిని ఊదేసే సూట్ బ్లోయర్లు తిరుగుతున్నాయా చూడాలి. తర్వాత, పొగ వేడితో బాయిలర్‌కు వెళ్లే గాలిని వేడిచేసే ఎయిర్ హీటర్. దాని ముందు, వెనక పొగలో ఆక్సిజన్ కొలవండి. ముందు 4 శాతం, వెనక 7 ఉంటే, తేడా 3ని (21 − 7)తో భాగించి 90తో గుణించాలి: లీకేజీ సుమారు 19 శాతం. సీళ్లు అరిగిపోయాయని అర్థం. ఆ గాలిని మోయడానికి పొగను చిమ్నీ వైపు లాగే ఐడీ ఫ్యాన్లు ఎక్కువ కరెంటు తింటాయి కనుక ఆగ్జిలరీ కూడా పెరిగి ఉంటుంది. రెండు అంకెలూ కలిసి పెరిగితే మొదటి అనుమానం ఇక్కడే పెట్టుకోండి.

ఎండాకాలంలో కూలింగ్ నీరు వేడెక్కి, టర్బైన్ వదిలిన ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్‌లో వాక్యూమ్ తగ్గడం సహజం. చలికాలంలో కూడా తగ్గే ఉంటే ట్యూబుల్లో పాచి పట్టి ఉండాలి, లేదా ఎక్కడో గాలి చొరబడుతూ ఉండాలి. హెచ్‌పీ హీటర్లు (బాయిలర్‌కు వెళ్లే నీటిని ముందే వేడిచేసేవి) పక్కన పెట్టి నడిపినా లోడు వస్తుంది, అందుకే ఈ నష్టం ఎవరి కంటా పడదు. బాయిలర్‌కు చేరే నీరు చల్లబడి, బొగ్గు మాత్రం ఎక్కువ కాలుతుంది.

ఆయిల్ సంగతి క్లుప్తంగా: యూనిట్‌కు 0.5 మిల్లీలీటర్ ప్రమాణం, మన ఉదాహరణకు రోజుకు 2.1 కిలోలీటర్లు. అంతకు మించితే స్టార్టప్‌లు ఎక్కువయ్యాయని గానీ, లోడు బాగా తగ్గి మంట నిలవడానికి ఆయిల్ వేశారని గానీ అనుకోవాలి.

జల విద్యుత్‌కు బొగ్గు బదులు టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 90 శాతం సామర్థ్యంతో, ప్రతి మీటరు ఎత్తుకు టీఎంసీకి సుమారు 69,400 యూనిట్లు వస్తాయి. 80 మీటర్ల హెడ్ ఉంటే దాదాపు 5.5 ఎంయూ. హెడ్ అంటే ఆనకట్ట ఎత్తు కాదు. పైన జలాశయ మట్టానికీ కింద నీరు వదిలే చోటి మట్టానికీ మధ్య తేడా. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగుల నుంచి కిందికి దిగేకొద్దీ, లేదా కింద నాగార్జునసాగర్ నిండి వెనక నీరు పైకి ఎక్కేకొద్దీ, అదే టీఎంసీకి వచ్చే యూనిట్లు తగ్గిపోతాయి. శ్రీశైలం ఎడమ గట్టున ఆరు 150 మెగావాట్ల యంత్రాలు వెనక్కి తిరిగి నీటిని ఎత్తిపోయగలవు కూడా. అవి పంపింగ్ చేసిన రోజు ఉత్పత్తిలోంచి పంపింగ్‌కు ఖర్చయిన యూనిట్లు తీసేసి చూడాలి, లేదంటే అదే నీటిని రెండుసార్లు లెక్కలో వేసినట్టే.