పరారుణ వర్ణపటంతో నోవా వాయువు వేగం లెక్కకట్టే పద్ధతి

పర్లాకిమిడిలో జూన్ నెల అర్ధరాత్రి, మబ్బు పట్టకపోతే, దక్షిణాన బాగా ఎత్తున నిలిచే ఆఫియూకస్ నక్షత్రమండలంలో ఆర్‌ఎస్ ఆఫియూకై అనే జంట తార ఉంది. అందులోని శ్వేత కుబ్జతార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార) పక్కనున్న అరుణ మహాతార నుంచి పదార్థాన్ని లాక్కొని, అది తగినంత పేరుకున్నప్పుడు పైపొరను పేల్చివేస్తుంది. ఈ పేలుడునే నోవా అంటారు. 1985, 2006, 2021లలో ఇలాగే జరిగింది. అలా ఎగజిమ్మిన వాయువు వేగాన్ని డిగ్రీ భౌతికశాస్త్రం చదివేవారెవరైనా ప్రచురితమైన పరారుణ వర్ణపటం (కంటికి కనిపించని పరారుణ కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన చిత్రం) నుంచి లెక్కకట్టవచ్చు. ఆ వర్ణపటాన్ని మాత్రం మన మేడమీద తీయలేము, ఎందుకంటే గాలిలోని నీటి ఆవిరి పరారుణ కాంతిలో చాలా భాగాన్ని మింగేస్తుంది. సముద్రపు తేమగాలి తగిలే గజపతి, గంజాం జిల్లాల్లో ఆ బెడద మరీ ఎక్కువ. 2006 నాటి పేలుడును మన దేశపు శాస్త్రవేత్తలు మౌంట్ ఆబూ మీది 1.2 మీటర్ల టెలిస్కోపుతో పరిశీలించారు.

మొదట 2.166 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర హైడ్రోజన్ ఇచ్చే బ్రాకెట్ గామా గీతను గుర్తించాలి. వాయువులో మన వైపు వచ్చే భాగపు తరంగదైర్ఘ్యం కొంచెం తగ్గి, అవతలికి పోయే భాగానిది కొంచెం పెరగడం వల్ల అది సన్నగా కాక గుట్టలా ఉబ్బి కనిపిస్తుంది. గుట్ట అడుగు వెడల్పు కొలిచి, అందులో సగం తీసుకోవాలి. అది 0.01445 మైక్రాన్లు అనుకుంటే, దాన్ని 2.166తో భాగించి కాంతివేగమైన సెకనుకు 3 లక్షల కిలోమీటర్లతో గుణించగా సెకనుకు సుమారు 2,000 కిలోమీటర్లు వస్తుంది. సగం ఎత్తు దగ్గర కొలిస్తే ఇంతకన్నా తక్కువ వస్తుంది కాబట్టి, ఎక్కడ కొలిచారో రాయని వేగానికి నేనైతే విలువ ఇవ్వను.

ఈ వేగంతో వాయువు రోజుకు 17.28 కోట్ల కిలోమీటర్లు, అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 1.155 రెట్లు, పోతుంది. పరారుణ ఇంటర్‌ఫెరోమీటరు (పలు టెలిస్కోపుల కాంతిని కలిపి అతి చిన్న కోణాలను కొలిచే పరికరం) కొలతల్లో అదే గీత కాంతిలో కోణీయ వ్యాసం రోజుకు 1 మిల్లీ ఆర్క్ సెకను పెరిగిందనుకుందాం (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). అప్పుడు వ్యాసార్ధం పెరుగుదల 0.0005 ఆర్క్ సెకను, దానితో 1.155ను భాగిస్తే దూరం 2,310 పార్సెక్‌లు (భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక ఆర్క్ సెకను కోణంలో కనిపించేంత దూరమే పార్సెక్), సుమారు 7,500 కాంతి సంవత్సరాలు. ఇవి అభ్యాసానికి వేసుకున్న అంకెలే గానీ, వ్యాసాన్ని సగం చేయడం మరిస్తే అసలు లెక్కలోనూ దూరం సగానికి పడిపోతుంది.

ఆర్‌ఎస్ ఆఫియూకైలో ఇంకొక చిక్కుంది. అరుణ మహాతార వదిలిన వాయువును ఢీకొనడం వల్ల పేలుడు వాయువు రోజురోజుకూ నెమ్మదిస్తుంది, దానితోపాటు గీత వెడల్పూ తగ్గుతుంది. అందువల్ల మొదటినాటి వేగాన్ని అన్ని రోజులకూ వాడకుండా, ఏ రోజు వేగాన్ని ఆ రోజు దగ్గర గ్రాఫు కాగితం మీద గుర్తించి, ఆ వక్రరేఖ కింది వైశాల్యాన్నే వాయువు పోయిన దూరంగా తీసుకోవాలి.