కొత్త కారులో లోపం – మూడవ పాఠం: జాబ్ కార్డు మీద సంతకం

ఈసారి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఎలా దాఖలు చేయాలో చెప్పవలసి ఉంది. గత పాఠం చదివి అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు పాఠకులు పంపిన, ఫిర్యాదుకు ముందు ఇచ్చే నోటీసు నమూనాలను చూశాక దానిని వాయిదా వేశాను. దాదాపు అందరూ "ఎన్నోసార్లు షెడ్డుకు తీసుకువెళ్లాను" అని రాశారు గాని, అన్నిసార్లు వెళ్లినట్టు ఒక్క ఆధారమూ జతచేయలేదు.

లోపం ఉందని నిరూపించవలసిన బాధ్యత మొదట కొనుగోలుదారుదే. చెడిన భాగాన్ని మార్చితే సరిపోయేచోట మొత్తం కారునే మార్చి ఇమ్మనడం సరికాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కొత్త బండి గాని, డబ్బు వాపసు గాని కోరేవారు, మరమ్మతు జరిగాక కూడా అదే లోపం మళ్లీ తలెత్తిందని కాగితం మీద చూపగలగాలి. ఆ కాగితం జాబ్ కార్డు, అంటే బండిని షెడ్డులో అప్పగించినప్పుడు మీరు చెప్పిన లోపాన్నీ వారు చేసిన పనినీ రాసే కార్డు. కమిషన్ బండిని నిపుణుల పరీక్షకు పంపినా, ఏ లోపం కోసం వెతకాలో వారికి తెలిసేది దానివల్లనే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. "మూడో గేరు నుంచి నాలుగుకు మారేటప్పుడు జారుతోంది" అని మీరు చెబితే, సర్వీస్ అడ్వైజర్ "జనరల్ చెకప్" అని ఎక్కిస్తాడు. "స్టీరింగు ఎడమకు లాగుతోంది" అన్నది "వీల్ అలైన్‌మెంట్" అవుతుంది. వాన పడితే డ్రైవరు కాళ్ల దగ్గర నీరు చేరుతోందన్న ఫిర్యాదు కార్డుకే ఎక్కదు. "ఏటిగట్టు రోడ్ల మీద తిప్పితే ఏ బండైనా ఇంతేనండి" అని అతను అంటే, ఆ మాటనే కార్డులో రాసి ఇమ్మనండి. వారు కనుగొన్న కారణం కాక, మీరు గమనించిన లక్షణమే, మీ మాటల్లోనే, కిలోమీటర్ల రీడింగుతో సహా అందులో ఉండాలి.

అంతకన్నా నన్ను బాధపెట్టేది బండి తిరిగి ఇచ్చేటప్పటి సంతకం. తాళం అందుకునే తొందరలో, "పని సంతృప్తికరంగా జరిగింది" అన్న అచ్చు వాక్యం కింద చదవకుండానే సంతకం పెట్టేస్తారు; తరువాత డీలరు తరఫు వకీలు ముందుగా చూపించేది ఆ సంతకాన్నే. మొదట అడ్వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపండి. లోపం పోకపోతే "ట్రయల్‌లో గేరు ఇంకా జారుతోంది" అనీ, నడపనివ్వకపోతే "నడిపి చూడకుండా తీసుకుంటున్నాను" అనీ చేత్తో రాసి, దాని కిందనే సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే సంతకం మానేసి, ఆ సాయంత్రమే డీలరుకూ కంపెనీకీ ఈమెయిల్ పంపండి. నేనైతే రాయనిచ్చినా పంపుతాను.

కార్డులు పోగుచేస్తూ కాలం గడపకూడదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. కారు విజయవాడలో కొన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చేపల చెరువుల వ్యాపార సంస్థ పేరున కొన్నవారు ఆగండి. వాణిజ్య అవసరానికి కొన్నారన్న అభ్యంతరం వస్తుంది, దానికి వేరే పాఠం కావాలి.

అభ్యాసం: జాబ్ కార్డులన్నీ తేదీల వరుసలో పెట్టి, మీరు చెప్పిన లక్షణం, వారు రాసినది, చేసిన పని, అదే లోపం తిరిగి కనిపించిన తేదీ, అప్పటి రీడింగు ఒక పట్టికగా రాయండి. పోయిన కార్డుల నకళ్లు డీలరును రాతపూర్వకంగా అడగండి. "చాలా", "ఎప్పుడూ", "ఘోరంగా" అనే మాటలు పట్టికలో ఒక్కచోట కూడా ఉండకూడదు.