కంప్యూటర్ రోజంతా నెమ్మదా, మధ్యాహ్నమే నెమ్మదా? ర్యామ్ స్లాట్లు, మదర్‌బోర్డు వేడి: సమస్య - పరిష్కారం

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి వేసవిలో ఫోన్ వచ్చింది. "అన్నా, మధ్యాహ్నమైతే సిస్టమ్ కదలడం లేదు. ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించమంటావా?" అని అక్కడి అకౌంట్స్ కుర్రాడు అడిగాడు. అప్పటికే అందులో రెండు 8 జీబీ స్టిక్కులున్నాయి. బిల్లులు, జీఎస్టీ పనికి 16 జీబీ చాలకపోవడమేంటని ఒంగోలు నుంచి వెళ్లి మూత తీశాను. ర్యామ్ స్టిక్కులు రెండూ పక్కపక్క స్లాట్లలో ఉన్నాయి. ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య రాతిపొడి పేరుకుని గాలి దూరే సందే లేదు. జబ్బులు రెండు, పైకి కనిపించేది మాత్రం ఒకటే.

అందుకే ముందు ఒక్క సంగతి గమనించండి. పొద్దున ఆన్ చేసిన వెంటనే కూడా నెమ్మదిగా ఉందా, రెండు మూడు గంటలు నడిచాకే మొండికేస్తోందా? మొదటిదైతే ర్యామ్ చూడాలి. రెండోదైతే వేడి సంగతి చూడాలి.

సమస్య: ఎప్పుడూ నెమ్మదే, వీడియోలు, గేమ్స్ మరీ ఆగి ఆగి ఆడుతున్నాయి

కారణం: ఆ ఫ్యాక్టరీలోలా స్టిక్కులు తప్పు స్లాట్లలో ఉండి ర్యామ్ సింగిల్ ఛానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కు డేటా ఒక్క దారిలోనే పంపుతూ నడుస్తూ ఉండొచ్చు. టంగుటూరు టోల్‌గేట్‌లో ఒక్క లైనే తెరిచారనుకోండి. రెండోది కూడా తెరిస్తే ఏ కారు వేగమూ పెరగదు కానీ, గంటకు దాటే బండ్లు రెట్టింపవుతాయి. డీడీఆర్4 3200 (డీడీఆర్4 తరం, 3200 వేగం) ర్యామ్ ఒక ఛానెల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా పంపగలదు. రెండు ఛానెళ్లలో అది 51.2 జీబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లలో బొమ్మ గీసే పనికీ ఈ ర్యామే దిక్కు, కాబట్టి తేడా అక్కడే బాగా తెలుస్తుంది. టైపింగ్, ఎక్సెల్ పనుల్లో పెద్దగా తెలియదు. వాటి కోసమే ఇది చేస్తే అద్భుతం జరుగుతుందని ఎవరికీ ఆశ పెట్టను.

పరిష్కారం: సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఛానెల్ దగ్గర సింగిలా, డ్యుయలా అన్నది తెలుస్తుంది. తర్వాతి తరం డీడీఆర్5లో ఒక్కో స్టిక్కులోనే 32 బిట్ల ఛానెళ్లు రెండుంటాయి. కాబట్టి రెండు స్టిక్కులు సరిగా కూర్చుంటే అక్కడ 4 x 32 అని కనిపించవచ్చు, కంగారు పడకండి.

సింగిల్ అని వస్తే సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. నాలుగు స్లాట్ల బోర్డు అయితే చాలావాటిలో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. రంగులను నమ్మకండి, కంపెనీకో పద్ధతి. మాన్యువల్‌లో బొమ్మ చూడండి. కొన్ని బోర్డులకు క్లిప్పు ఒక వైపే ఉంటుంది. రెండో చివర కూడా గట్టిగా నొక్కకపోతే స్టిక్కు సగమే దిగుతుంది.

8, 4 జీబీ స్టిక్కులు కలిపి వాడుతున్నారా? ఇంటెల్ సిస్టమ్‌లలో మామూలుగా చెరో 4 జీబీ డ్యుయల్‌లో, మిగిలిన 4 జీబీ సింగిల్‌లో నడుస్తాయి. పాత స్టిక్కును పారేయాల్సిన పని లేదు.

సమస్య: స్లాట్ మార్చాక ఒక స్టిక్కు కనబడటం లేదు

బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. అయినా రాకపోతే ఒక్కో స్టిక్కును ఒక్కో స్లాట్‌లో విడిగా పరీక్షించండి. స్టిక్కులు రెండూ బాగుండి, ఒక ఛానెల్ స్లాట్లు మాత్రమే పనిచేయకపోతే ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగిందేమో, కూలర్ స్క్రూలు ఒక వైపే బిగిశాయేమో చూడాలి. వంగిన పిన్ను జోలికి అలవాటు లేనివాళ్లు వెళ్లవద్దు.

సమస్య: పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నం నత్తనడక, లేదా దానంతటదే ఆగిపోవడం

కారణం: వేడి. రోహిణి కార్తెలో ఏసీ లేని గది 40 డిగ్రీలకు చేరితే, ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను అంతకంటే చల్లబరచలేదు. వేడి ఎంతుందో చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి పని చేస్తూనే అంకెలు చూడండి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, చాలా ఏఎమ్‌డీ రైజెన్‌లు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మదర్‌బోర్డు సెన్సర్లలో ఒకటి 127 అనో, సున్నా కంటే తక్కువనో చూపిస్తే అది ఏమీ కలపని సెన్సర్ అయి ఉంటుంది, వదిలేయండి.

చాలామంది చూడనిది వీఆర్ఎమ్, అంటే ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం. ప్రాసెసర్ 70 దగ్గరే ఉన్నా వేగం ఒక్కసారిగా పడిపోతోందంటే అనుమానించాల్సింది దీన్నే. లిక్విడ్ కూలర్ పెట్టుకున్నవాళ్ల ఇళ్లలో ఇది చూశాను. మామూలు కూలర్ ఫ్యాను నుంచి ఆ చుట్టుపక్కలకు తగిలే గాలి వీటిలో ఉండదు.

పరిష్కారం: క్యాబినెట్‌ను వరండాలోకి తెచ్చి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని కొట్టండి, గిర్రున తిరగనివ్వద్దు. క్యాబినెట్ ముందు వైపు ఫ్యాను గాలి లోపలికి లాగాలి, వెనకది బయటికి నెట్టాలి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్ట్ ఎండిపోతే తుడిచి, బఠాణీ గింజంత కొత్తది వేయండి. పక్క మూత తీసి నడపడం చీమకుర్తిలాంటి చోట నేను ఒప్పుకోను, వారానికే పొడి నిండుతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి స్క్రూలనే తుప్పు పట్టిస్తుంది, అక్కడా మూత ఉండాల్సిందే.

సమస్య: ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేశాక ఎండాకాలంలోనే బ్లూ స్క్రీన్

3200 ర్యామ్ కొన్నా, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) ఎక్స్ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 2133, 2400 లాంటి వేగంతోనే నడవవచ్చు. ఆన్ చేస్తే వోల్టేజ్ 1.2 నుంచి చాలా కిట్లలో 1.35కు పెరుగుతుంది. వేడీ కాస్త పెరుగుతుంది. మధ్యాహ్నాలే క్రాష్ అవుతుంటే 3000కు దించి, ఆ వేడి వేళలోనే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడపండి. రాత్రి చల్లగా ఉన్నప్పుడు పాసైందని సంబరపడకండి.

ఆ ఫ్యాక్టరీలో అసలు దోషి రాతిపొడే. స్లాట్లు మార్చాను, హీట్‌సింక్ విప్పి శుభ్రం చేశాను, తలుపు పక్కన నేల మీదున్న క్యాబినెట్‌ను లోపలి గదిలో బల్లపైకి ఎక్కించాను. కొత్త ర్యామ్ కొనలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు ప్రతి శనివారం క్యాబినెట్ ముందు వైపు జాలీ విప్పి కడిగి, బాగా ఆరాకే మళ్లీ బిగిస్తున్నాడు.