పైథాన్ లిస్టులోంచి అక్కర్లేనివి ఎలా తీసేయాలి?

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఆదివారాలు పైథాన్ నేర్పుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ అదే తప్పు: లిస్టు మీద ఫర్ లూప్ నడుపుతూ, అదే లిస్టులోంచి ఐటెమ్‌లు తీసేస్తారు. ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ రాదు. లెక్క మాత్రం తప్పు వస్తుంది. బత్తాయి లోడ్ల లెక్కతో సరైన పద్ధతి చూద్దాం.

పైథాన్ 3, ఏదో ఒక ఎడిటర్ ఉంటే చాలు. ఫోన్‌లో రాయొద్దు. పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీ కూడా వద్దు. రెండు మూడు వందల లోడ్లకు భాషలో ఉన్న లిస్టు, డిక్షనరీ, సెట్ సరిపోతాయి. అవి రాకుండా పాండాస్ పట్టుకున్నవాళ్లు చిన్న లూప్ దగ్గర కూడా ఇరుక్కుపోతారు.

ముందు ఖాళీ లిస్టు పెట్టుకోండి. పేరు బహువచనంలోనే ఉండాలి: లోడ్లు. పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగులోనే రాసుకోవచ్చు. ఒక్కో లోడు ఒక డిక్షనరీ, అంటే కీ అనే పేరు, దాని విలువ జతలు: రైతు, మండలం, టన్నులు. అపెండ్‌తో చేర్చుకుంటూ పోండి.

ఇక అసలు పని. టోకెన్ తీసుకుని రాని లోడ్లకు టన్నుల దగ్గర 0 ఉంటుంది. వాటిని తీసేయాలి. ఇక్కడ నిదానంగా చదవండి.

టన్నులు 8, 0, 0, 6 అనుకోండి. లూప్‌లో సున్నా కనపడగానే రిమూవ్ చేస్తే మిగిలేది 8, 0, 6. రెండో సున్నా అలాగే ఉంటుంది. సగటు 7 రావాల్సింది 4.67 వస్తుంది. ఎందుకంటే లూప్ గుర్తుపెట్టుకునేది ఐటెమ్‌ను కాదు, ఎన్నో స్థానంలో ఉన్నదీ అన్న అంకెను. కాంటా ముందు ట్రాక్టర్ల వరుస ఊహించుకోండి. రెండో బండిని పక్కకు పంపితే మూడోది రెండో చోటికి జరుగుతుంది. గుమస్తా మాత్రం మూడో చోటికి నడుస్తాడు. జరిగిన బండి కాంటా ఎక్కనే ఎక్కదు.

8, 0, 6, 0 అని ఉంటే ఇదే కోడ్ సరిగ్గా పనిచేసినట్టు కనిపిస్తుంది. సున్నాలు పక్కపక్కన లేవు కాబట్టి అలా జరిగింది. ఆ ఒక్క టెస్టు చూసి నమ్మొద్దు. డిక్షనరీ మీద లూప్ నడుపుతూ కీ తీసేస్తే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. లిస్టు దగ్గర ఆ హెచ్చరిక ఉండదు.

కాబట్టి తీసేయకండి, ఉంచాల్సినవాటితో కొత్త లిస్టు కట్టండి. లిస్ట్ కాంప్రహెన్షన్‌లో ఒక్క లైను: టన్నులు సున్నా కంటే ఎక్కువున్న ప్రతి లోడూ. షరతు ‘ఏది ఉంచాలి’ అన్నట్టే రాయండి. ‘ఏది తీసేయాలి’ అని ఆలోచిస్తూ రాస్తే తలకిందులవుతుంది. వెనక నుంచి లూప్ నడిపితే సరిపోతుందిగా అని అడుగుతారు. పనిచేస్తుంది, నేను ఒప్పుకోను. తీసిన ప్రతిసారీ తర్వాతి ఐటెమ్‌లన్నీ జరగాలి, చదివేవాడికీ అయోమయం.

పాత లిస్టు దాచుకోవాలంటే ‘పాతవి ఈక్వల్ టు లోడ్లు’ అని రాసి ఊరుకోవద్దు. అది కాపీ కాదు, ఒకే లిస్టుకు రెండు పేర్లు. కాపీ మెథడ్ వాడండి. అది కూడా పైపైన లిస్టునే కాపీ చేస్తుంది. లోపలి డిక్షనరీలు రెండింటికీ ఉమ్మడే. ఒకచోట టన్నులు మారిస్తే రెండోచోటా మారతాయి.

అయ్యాక ఐటెమ్‌ల సంఖ్య చెప్పే లెన్‌తో సరిచూడండి. పాత సంఖ్యలోంచి కొత్తది తీసేస్తే సున్నా లోడ్ల సంఖ్య రావాలి. రాకపోతే ముందుకు వెళ్లొద్దు.

మిగతాది సులువు. మొత్తానికి సమ్. దేవరకొండ, అనుముల, కనగల్ అని మండలాలవారీగా కావాలంటే డిక్షనరీలో గెట్ వాడి, కీ లేకపోతే 0 ఇమ్మని చెప్పి కూడండి. ఏయే మండలాలు వచ్చాయో చూడ్డానికి సెట్, అందులో ఒక్కో పేరు ఒక్కసారే ఉంటుంది. వరుసలో పెట్టడానికి సార్టెడ్ వాడండి, సార్ట్ వద్దు. సార్ట్ అదే లిస్టును మార్చి నన్ (None, అంటే ‘ఏమీ లేదు’) ఇస్తుంది. దాన్ని మళ్లీ లోడ్లు అన్న పేరులో పెడితే ఆ పేరులో మిగిలేది నన్ ఒక్కటే.