ఘాట్ రోడ్డు ఎక్కడానికి మీ బండికి ఎంత శక్తి, ఎంత సామర్థ్యం కావాలో లెక్కగట్టడం ఎలా?

అలిపిరి దాటగానే ఏసీ ఆపేసే డ్రైవర్లు చాలామంది ఉంటారు. అడిగితే "బండి లాగదండీ" అంటారు. ఎందుకు లాగదు, అసలు ఎంత లాగాలి, దిగేటప్పుడు బ్రేకులు ఎందుకు కాలతాయి అన్నవన్నీ స్కూల్లో చదివిన పని, శక్తి, సామర్థ్యం పాఠంతోనే తేలిపోతాయి. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. తిరుమల దారిని తీసుకుని లెక్క వేద్దాం. మీరు వెళ్లేది వేరే ఘాట్ అయినా పద్ధతి ఇదే.

ముందు మూడు అంకెలు రాసుకోండి

బరువు, ఎత్తు, దూరం. ఖాళీ బండి బరువు ఆర్‌సీలోనే ఉంటుంది. చిన్న కారు 950 కిలోలు, ఐదుగురు మనుషులు 325, సామాను 25 అనుకుంటే మొత్తం 1300 కిలోలు. కొండ కింది నుంచి పైకి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు, ఎక్కే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు. అంటే సగటున 26 మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు పైకి లేస్తాం.

ఎత్తు కోసం చేసే పని

బరువును 9.8తో, తర్వాత ఎత్తుతో గుణించండి. 1300 × 9.8 × 700 = సుమారు 89 లక్షల జౌళ్లు. ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి ఇది రెండున్నర యూనిట్లు. కారును, ఐదుగురు మనుషుల్ని ఏడు వందల మీటర్లు పైకి లేపడానికి అయ్యేది ఇంతే. నాకైతే ఈ అంకె ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే.

ఈ లెక్కలో రోడ్డు పొడవు రాలేదు, మలుపులూ రాలేదు. నిటారుగా వెళ్లినా మెలికలు తిరిగి వెళ్లినా గురుత్వాకర్షణకు ఎదురుగా చేసే పని ఒకటే. దారి పొడవయ్యేకొద్దీ తగ్గేది తొయ్యాల్సిన బలం. ఘాట్ రోడ్లకు అన్ని మెలికలు పెట్టేది అందుకే. అలిపిరి మెట్ల దారిలో 3550 మెట్లు ఎక్కి వెళ్లే 65 కిలోల భక్తుడు కూడా తన బరువు మేరకు ఈ పనే చేస్తాడు, సుమారు నాలుగున్నర లక్షల జౌళ్లు. మూడు గంటల్లో ఎక్కితే సగటు సామర్థ్యం, అంటే సెకనుకు చేసే పని, సుమారు 41 వాట్లే.

రోడ్డు, గాలి తినే వాటా

వాలు వల్ల బండిని వెనక్కి లాగే బలం: 89 లక్షల జౌళ్లను 18,000 మీటర్లతో భాగిస్తే సుమారు 495 న్యూటన్లు. టైర్లు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం కారు బరువులో నూటికి ఒక వంతు పైన, సుమారు 150 న్యూటన్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం 45 న్యూటన్ల చుట్టూ ఉంటుంది. అన్నీ కలిపితే 690. చదునైన హైవేలో వేగం పెరిగితే గాలే పెద్ద శత్రువు. ఘాట్‌లో దాన్ని దాదాపు మర్చిపోవచ్చు.

సామర్థ్యం

బలాన్ని వేగంతో గుణించండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. 690 × 10 = 6,900 వాట్లు. 746 వాట్లు ఒక హార్స్‌పవర్ కాబట్టి తొమ్మిది హార్స్‌పవర్ల పైచిలుకు. ఈ వేగంతో కొండ ఎక్కడానికి అరగంట పడుతుంది. రెట్టింపు వేగంతో ఎక్కినా ఎత్తు కోసం చేసే పని అదే 89 లక్షలు. సామర్థ్యం మాత్రం రెట్టింపు దాటుతుంది.

80 హార్స్‌పవర్ల కారుకు తొమ్మిది చాలినప్పుడు మూలుగుడు ఎందుకు? ఎందుకంటే ఆ 80 అనేది ఇంజిన్ నిమిషానికి ఆరు వేల దాకా తిరిగినప్పటి మాట. అయిదో గేరులో 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఇంజిన్ 1200 చుట్లు కూడా తిరగదు. అక్కడ అది ఇవ్వగలిగేది ఉజ్జాయింపుగా 15 హార్స్‌పవర్. ఇప్పుడు పది మీటర్లకు ఒక మీటరు లేచే ముక్క వచ్చిందనుకోండి. వాలు బలమే 1270 న్యూటన్లకు చేరుతుంది, కావాల్సిన సామర్థ్యం 20 హార్స్‌పవర్లకు పోతుంది. ఇంజిన్ దగ్గర అంత లేదు, అందుకే వణుకుతుంది. అదే వేగంలో రెండో గేరుకు మారితే చుట్లు మూడు వేలకు చేరి 40కి పైగా హార్స్‌పవర్లు చేతికొస్తాయి. ఏసీ తినేది రెండు, మూడు హార్స్‌పవర్లు. సరైన గేరులో ఉంటే అది పెద్ద లెక్క కాదు, తప్పు గేరులో మాత్రం బండి ఆగిపోవడానికి అదే చాలు. కాబట్టి ముందు మార్చాల్సింది గేరు.

కొందరు కింద నుంచే ఊపు మీద ఎక్కించేద్దాం అనుకుంటారు. గతిజ శక్తి లెక్క చూడండి: సగం × 1300 × 10 × 10 = 65,000 జౌళ్లు. యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ ఊపు బండిని అయిదు మీటర్ల ఎత్తుకు కూడా తీసుకెళ్లదు. గంటకు 60 వేగంతో వచ్చినా 14 మీటర్లే. మిగతా ఎత్తంతా ఇంజినే మోయాలి.

పెట్రోలు

ఎత్తుకు 89 లక్షలు, రోడ్డూ గాలీ కలిసి 35 లక్షలు, మొత్తం 124 లక్షల జౌళ్లు. లీటరు పెట్రోలులో సుమారు 320 లక్షల జౌళ్లు ఉంటాయి గానీ చక్రాలకు చేరేది నాలుగో వంతే. అలా చూస్తే లీటరున్నర పైచిలుకు, అంటే లీటరుకు 11, 12 కిలోమీటర్ల మైలేజీ.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్తగా లెక్క వేయండి

పైకి చేర్చిన 89 లక్షల జౌళ్లు స్థితిజ శక్తిగా బండిలోనే ఉన్నాయి. దిగేసరికి అదంతా ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. దిగే రోడ్డు 19 కిలోమీటర్లు అనుకుంటే టైర్లు, గాలి కలిసి 37 లక్షలు తీసుకుంటాయి. మిగిలిన 52 లక్షలు బ్రేకుల మీదే వేస్తే, 17 లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి ఆ కొద్దిపాటి ఇనుములోకి వెళ్తుంది.

ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ పెట్టిన నిబంధన వెనక ఉన్న ఫిజిక్స్ ఇదే. 52 లక్షల జౌళ్లను 40 నిమిషాల్లో వదిలితే సగటున 2,200 వాట్లు. 20 నిమిషాల్లో దిగితే 4,300. వేడి బయటికి పోయే వ్యవధి సగమైపోతుంది. ప్యాడ్లు మితిమీరి వేడెక్కితే పట్టు తప్పుతాయి, బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ లోపలికి దిగిపోతుంది.

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది అక్షరాలా పాటించండి. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, మిగులు శక్తిలో పెద్ద వాటా అక్కడ ఖర్చవుతుంది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో ఆ సమయంలో పెట్రోలు సరఫరా ఆగిపోతుంది కూడా. కాబట్టి పెట్రోలు ఆదా కోసం న్యూట్రల్‌లో దించడంలో లాభం లేదు, ప్రాణాపాయం మాత్రం ఉంది. మాడు వాసన వస్తే బండి సురక్షితంగా పక్కకు ఆపి చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్లు పోయకండి.

ఎలక్ట్రిక్ బండి అయితే ఆ 52 లక్షల్లో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. సగానికి కాస్త పైన దక్కినా ముప్పావు యూనిట్ పైనే. 2022 నుంచి ఈ ఘాట్‌లో తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుల బరువుకు ఈ లాభం ఎన్నో రెట్లు. కాకపోతే బ్యాటరీ నిండుగా ఉంటే తిరిగొచ్చే శక్తికి చోటుండదు, భారం మళ్లీ మామూలు బ్రేకుల మీదే పడుతుంది. అందుకని కొండ మీద చార్జింగ్ పెడితే వంద శాతం నింపకుండా కొంత ఖాళీ ఉంచి దిగండి.