కూలింగ్ వాటర్ లైన్లో ఆలిచిప్పలు: మాకు పనిచేసింది ఇది

కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి నీళ్ళుగా మార్చేది) వాక్యూమ్ మెల్లగా పడిపోతుంటే తెరిచి చూశాం, ట్యూబ్ షీట్ (ట్యూబుల చివర్లు బిగించిన పలక) మీద మస్సెల్స్ (అతుక్కుని పెరిగే రకం ఆలిచిప్పలు) గుత్తులు గుత్తులుగా. క్లోరిన్ రోజూ వేస్తూనే ఉన్నాం, కానీ షిఫ్ట్‌కి కాసేపే. అసలు తిరకాసు ఇక్కడే, క్లోరిన్ తగలగానే మస్సెల్ చిప్ప మూసుకుని కూర్చుంటుంది, డోసింగ్ ఆగగానే మళ్ళీ తెరిచి హాయిగా మేస్తుంది, అలా మూసుకుని రోజుల తరబడి బతికేయగలదు కూడా. నాచుకి సరిపోయే షాక్ డోస్ (కాసేపే గట్టిగా వేసే మోతాదు) దీనికి ఏ మూలకీ రాదు.

అందుకని లార్వా వచ్చే సీజన్ మొత్తం తక్కువ డోసు ఆపకుండా ఇచ్చాం, అవుట్‌లెట్ దగ్గర రెసిడ్యువల్ (నీళ్ళలో మిగిలే క్లోరిన్) 0.2 పీపీఎమ్ (పది లక్షల్లో 0.2 వంతు) పైన నిలిచేలా, డిశ్చార్జ్ లిమిట్ (బయటికి వదిలే నీళ్ళలో క్లోరిన్‌కి ఉన్న పరిమితి) దాటకుండా రోజూ టెస్ట్ చేస్తూ. ముదురు చిప్పల్ని చంపడం కంటే పిల్లలు అతుక్కోకుండా చూడటమే తేలిక అని నా అభిప్రాయం. వేడినీళ్ళు వెనక్కి తిప్పే ఏర్పాటు ఉన్నవాళ్ళు 40 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచినా చస్తాయి, మాకు ఆ పైపింగ్ లేదు.

ఏషియన్ క్లామ్స్ (ఇంకో రకం ఆలిచిప్పలు) సంగతి వేరు, ఇవి పెద్దగా అతుక్కోవు, సంప్ (నీళ్ళు నిలిచే తొట్టి) బురదలో, ఫ్లో లేని ఫైర్ వాటర్ లైన్లలో పెరుగుతాయి, బురద తీయించి స్టాండ్‌బై లైన్లు తరచూ ఫ్లష్ చేయాల్సిందే.

ఇంకోటి, డోసింగ్ మొదలయ్యాక కొన్ని వారాలకి చచ్చిన చిప్పలు ఊడి ఒకేసారి కొట్టుకొస్తాయి, అప్పుడు స్ట్రెయినర్ (జల్లెడ) డీపీ, అంటే దాని ముందూ వెనకా ప్రెషర్ తేడా మీద కన్నేసి ఉంచండి.